బావ వాకిట్లో ఉండగా బీపీ చూడకండి

నేను రిటైరయ్యాను. వయసు ముప్పై ఒకటి.

సన్మానం జరగలేదు. శాలువా కప్పి, పండ్ల బుట్ట చేతికిచ్చి ఫోటో తీసేవాళ్లెవరూ రాలేదు. కొడుకు పుట్టాక తెల్లవారుజాము డ్యూటీకి రాలేనని చెప్పాను. అయితే మధ్యాహ్నం కూడా రానక్కర్లేదని కంపెనీవాళ్లు చెప్పారు. అంతటితో నా వృత్తి జీవితం ముగిసింది. ఇప్పుడు వాడు నిద్రపోయాక, మళ్లీ లేచేలోపు, రాసుకునేంత తీరిక దొరికింది.

పెద్ద ఆస్పత్రుల్లో చేసి దిగిపోయినవాళ్లు అనుభవాలు రాస్తే వాటిలో ప్రమోషన్లు, బదిలీలు, మంత్రిగారి చేతుల మీదుగా మెమెంటోలు ఉంటాయి. నాకు అవేవీ రాలేదు గనక మీకు చదివే శ్రమ తగ్గింది. నర్సింగ్ చదివి, కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే మా పావగడ తాలూకాలోనే ఏదో ఒక ఉద్యోగానికి దిగబోయే చెల్లెళ్ల కోసం రాస్తున్నాను. నేను ముఖ్యంగా చేసింది ఒకే ఒక పని. మనిషి చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బల్బు ఒత్తి, స్టెతస్కోపు పెట్టి బీపీ చూడటం. ఇందులో చెప్పడానికి ఏముంటుందని నేనూ అనుకునేదాన్ని.

నాకు భయం ఎక్కువ. కొడుకు నిద్రలో ఊపిరి తీస్తున్నాడా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. పక్కన పడుకున్న మా ఆయన "ఒకసారి నాది కూడా చూడు" అంటాడు. గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు లేస్తాను. ఈ గుణం సంసారానికి పనికిరాదేమో గానీ బీపీ చూసేవాళ్లకు పనికొస్తుంది. ఏ భయమూ లేనివాళ్లు చూసిన బీపీలు నేను చాలా చూశాను. అవన్నీ 120/80.

సోలార్‌తో వచ్చిన జబ్బు

నేను పనిచేసింది వల్లూరు దగ్గర, సోలార్ పలకలు తుడిచే పని కాంట్రాక్టుకు తీసుకున్న ఒక కంపెనీలో. పేరు చెప్పను. అక్కడి సోలార్ పార్కులో అలాంటివి చాలా ఉన్నాయి, ఎవరికి వారు తమ గురించే అనుకోవచ్చు. తుడిచేది ఎక్కువగా ఆడవాళ్లు. కావలి కాసేది మగవాళ్లు. అందరిదీ చుట్టుపక్కల పల్లెలే. ఒకప్పుడు తాము చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసిన చేలోనే ఇప్పుడు పలకలు తుడుస్తారు.

మా వైపు బీపీ అనేది సోలార్‌తో పాటే వచ్చిందని గట్టి నమ్మకం. పలకల వేడి నెత్తికెక్కి రక్తం పొంగుతుందట. ఒక తాత పట్టీ కట్టించుకుంటూ నాతో వాదించాడు.

"చెనిక్కాయ ఏసేటప్పుడు యాడుండెమ్మా ఈ బీపీ? మా నాయనకు లేదు, మా తాతకు లేదు."

"అప్పుడు ఎవరు చూసినారు తాతా?"

"అదే చెప్తాండా గదా. చూడలేదు, లేకుండె. మీరొచ్చి చూసినారు, వచ్చె."

ఆ మాటకు అప్పుడు నవ్వాను. తర్వాత కంపెనీ మెడికల్ రూంలో జరిగేది చూశాక, తాత చెప్పినదాంట్లో సగం నిజమే అనిపించింది. అక్కడ బీపీని నిజంగా మేమే తయారుచేస్తున్నాం.

ఉన్నది ఒక్క కుర్చీ

మెడికల్ రూం అంటే ఒక ఇనుప కంటైనర్. లోపల ఒక బల్ల, ఒక మంచం, ఒక కుర్చీ. మంచం మీద హెల్మెట్ల పెట్టెలు. కుర్చీలో డాక్టర్ గారు. పేషెంటు నిలబడాలి.

ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా, దాని మీద మెరిసే పట్టీల జాకెట్ వేసుకుని వచ్చేవారు. ఎండలో లైన్లో నిలబడి, లోపలికొచ్చి మళ్లీ నిలబడి, చేయి కిందికి వేలాడేసి ఇచ్చేవారు. డాక్టర్ గారు జాకెట్ మీదే పట్టీ చుట్టి, బుస్సున కొట్టి, గాలి ఒక్కసారిగా వదిలేసేవారు. ముల్లు పైనుంచి కిందికి దూకేది. దారిలో ఆయనకు ఎక్కడో ఏదో వినిపించేది. "150/100. నెక్స్ట్." ఆయన చూసిన బీపీలన్నీ సున్నాతోనే ముగిసేవి.

మీకు కాలేజీలో చెప్పే ఉంటారు, అయినా మళ్లీ చెప్తాను. చేయి గుండె కంటే కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. వీపుకు ఆనుడు లేకపోతే పెరుగుతుంది. మాట్లాడితే పెరుగుతుంది. ఒంటేలు ఆపుకుని ఉంటే పెరుగుతుంది. అప్పుడే కాఫీ తాగినా, ఆకువక్కలో పొగాకు వేసుకున్నా పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే పెరుగుతుంది. మా రూంలో ఇవన్నీ ఒకేసారి జరిగేవి. ఆ మనుషులకు బీపీ రాకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి.

డాక్టర్ గారు చెడ్డవారు కాదు. ప్రభుత్వ ఉద్యోగం చేసి దిగిపోయి, కాలక్షేపానికి వచ్చేవారు. ఆయన దగ్గర ఒక మంచి సంగతి కూడా నేర్చుకున్నాను. పట్టీలో గాలి కారుతోందేమోనని అనుమానం వస్తే, దాన్ని నీళ్ల బాటిలుకు చుట్టి గాలి కొట్టి, ముల్లు నిలబడుతుందో లేదో చూడాలి. బాటిల్‌ని మాత్రం ఆయన బల్ల మీద కుదురుగా పెట్టి చూసేవారు.

ఇంకో కుర్చీ కావాలని సేఫ్టీ ఆఫీసర్‌ని అడిగాను. నా ఈడు కుర్రాడు, బెంగళూరు నుంచి వచ్చాడు, తెలుగు బాగానే వస్తుంది.

"మెడికల్ రూంకు పరికరాలు ఇవ్వచ్చు సిస్టర్. కుర్చీ పరికరం కాదు."

"మరి ఫర్నిచర్ కింద ఇవ్వండి."

"ఫర్నిచర్ ఆఫీసుకు ఇస్తారు. మెడికల్ రూం ఆఫీసు కాదు."

కనుచూపు మేర పలకలన్నిటికీ ఇనుప స్టాండ్లున్నాయి. ఏ పలక ఎంత వాలులో ఆనుకోవాలో కొలిచి మరీ నిలబెట్టారు. మనిషి ఆనుకోవడానికి మాత్రం ఏ పద్దు కిందా కుదరలేదు. చివరికి మా ఇంట్లోని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని మా ఆయన బండి మీద కట్టుకుని తీసుకెళ్లాను.

"ఎవరికి ఈ కుర్చీ?" అన్నారు డాక్టర్ గారు.

"పేషెంటుకు సార్."

"పేషెంటు కూర్చుంటే లైన్ ఎప్పుడు కదుల్తుందమ్మా?"

ఆయన భయపడక్కర్లేకపోయింది. మొదటిరోజు ఎవరూ కూర్చోలేదు. కొందరు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. ఒకామె తన సద్ది క్యారియర్ దాని మీద పెట్టి చేయి చాపింది.

గంగమ్మ

గంగమ్మకు నలభై దాటి ఉంటాయి. కలుపు తీసి, నీళ్లు తోడి గట్టిపడిన చేతులు. పలకలు తుడిచే జట్టులో అందరికంటే గలగలా మాట్లాడేది ఆమే.

కంపెనీ ఆ ఏడు కొత్త నియమం పెట్టింది. బీపీ 140/90 దాటినవాళ్లు ఎండలో పనికి పనికిరారు. వారానికొకసారి చొప్పున మూడుసార్లు చూడాలి. మూడుసార్లూ ఎక్కువ వస్తే పేరు కొట్టేయాలి. మాత్ర వేసుకుంటూ పని చేసుకోవచ్చనే మాట నియమంలో లేదు. మనిషికి వైద్యం చేయడం కంటే మనిషిని మార్చడం తేలిక. గేటు బయట ఎప్పుడూ నలుగురు ఎదురుచూస్తుంటారు.

మొదటిసారి నిలబెట్టి చూసినప్పుడు గంగమ్మకు 170/100 అన్నారు డాక్టర్ గారు. బయటికొచ్చి నా చేయి పట్టుకుంది.

"సిస్టర్, నన్ను తీసేస్తారా?"

"ఇంకా రెండుసార్లు చూస్తారు గంగక్కా. భయపడద్దు."

"సోలారోళ్లు చేనుకు ఇచ్చే లీజు దుడ్డు మా బావ చేతికి పోతాది. పెద్దోడు గదా. మా ఇంటాయన వాళ్లన్న ఇచ్చిండేది తీసుకుంటాడు, నేను మా ఇంటాయన ఇచ్చిండేది తీసుకుంటా. నా చేతిలో పడేది ఈ జీతమొక్కటే సిస్టర్. ఇది పోతే సబ్బు కావల్లన్నా అడుక్కోవల్ల."

రెండోసారి నేనే చూస్తానని డాక్టర్ గారిని అడిగాను. ఆయన సంతోషంగా పేపరు విప్పుకున్నారు. పొద్దున కాఫీ, ఆకువక్క మానేసి రమ్మని గంగమ్మకు ముందే చెప్పాను. జాకెట్, చొక్కా తీయించాను. రవికె చెయ్యి బిగుతుగా ఉంటే పైకి మడవకూడదు, అది తాడులా బిగుసుకుంటుంది. ఆమెది వదులే. ఆమె చేతికి సరిపోయే పెద్ద పట్టీ పెట్టెలోంచి వెతికి తీశాను. అప్పటిదాకా దాని ప్లాస్టిక్ కవర్ కూడా ఎవరూ చింపలేదు. మోచేయి మడతకు రెండు వేళ్లు పైన చుట్టి, చేయిని బల్ల మీద గుండె ఎత్తున పెట్టించాను. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టి, నాడి ఎక్కడ మాయమవుతుందో చూసుకుని, గాలి వదిలి, కాసేపాగి, మళ్లీ దానికంటే ముప్పై పైకి కొట్టాను. ముల్లును మెల్లగా, ఒక్కో గీతా దిగేలా వదిలాను. మొదటి చప్పుడు వినిపించినచోట పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగినచోట కింది అంకె.

164/98.

పుస్తకంలో ఉన్నవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. గంగమ్మ కుర్చీలో కూర్చోలేదు. కూర్చున్నట్టు కనిపించిందంతే. అంచు మీద ఒక తొడ ఆనించి, కాళ్లు మునివేళ్ల మీద, వీపు నిక్కబొడుచుకుని, ఏ క్షణమైనా లేచేలా ఉంది. "ఆనుకో గంగక్కా" అంటే తలూపింది, ఆనుకోలేదు. అంత మాటకారి నోరు విప్పలేదు. చూపు మాత్రం వాకిలి వైపు పోయి వస్తోంది.

నాకు భయం పట్టుకుంది. నిజంగానే ఉందేమో. ఉంటే నేను కుర్చీ తెచ్చి, పట్టీ మార్చి, ఆమెకు లేని ఆశ పెట్టినట్టే.

బావ

ఆ మధ్యాహ్నం ఆడవాళ్లు పలకల నీడలో కాళ్లు చాపుకుని సద్దులు తింటున్నారు. గంగమ్మ మధ్యలో కూర్చుని ఏదో చెప్తుంటే అందరూ విరగబడి నవ్వుతున్నారు. దూరంగా దగ్గు వినిపించింది. గంగమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. సెక్యూరిటీ యూనిఫాంలో ఒక మనిషి పక్కకు చూడకుండా నడుచుకుంటూ పోయాడు. ఆయన మలుపు తిరిగాకే ఆమె మళ్లీ కూర్చుంది.

"ఎవరక్కా ఆయన?"

"మా బావ. మా ఇంటాయన అన్న. నరసింహప్ప."

"ఆయన ముందర కూర్చోవా?"

పక్కామె నవ్వింది. "కూర్చోని బతకల్లనా? ఈ పొద్దు కూర్చుంటే రేపు వూర్లో చాటింపే."

"నేను ఆ ఇంటికొచ్చినప్పటినుంచి ఆయన ముందర కూర్చోలేదు, మాట్లాడలేదు సిస్టర్" అంది గంగమ్మ. "మాట్లాడల్లంటే గోడకు చెప్తా. ఆయన ఇంటాడు."

నరసింహప్ప డ్యూటీ ఎక్కడో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మెడికల్ రూం వాకిలి. రెండోసారి బీపీ చూస్తున్నంతసేపూ ఆయన గడప అవతలే నిలబడి ఉన్నాడు.

తలుపు వేద్దామంటే ఆడవాళ్లే ఒప్పుకోరు. లోపల మగ డాక్టరు, బయట ఊరు. నేను సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, పదినిమిషాలు ఆ గార్డును వేరేచోటికి పంపమని అడిగాను. కారణం చెప్పాను. ఆయన నవ్వలేదు, నిజంగానే ఆలోచించాడు. కంప్యూటర్‌లో ఏదో వెతికాడు కూడా.

"సేఫ్టీ మాన్యువల్‌లో పాము ఉంది సిస్టర్. పిడుగుంది, కరెంట్ ఉంది, వడదెబ్బ ఉంది. బావ లేడు."

ఇక నరసింహప్పనే అడగాల్సి వచ్చింది. యాభై దాటిన మనిషి, మీసం, ఇస్త్రీ మడత చెడని చొక్కా.

"అన్నా, మూడోసారి కూడా ఎక్కువ వస్తే మీ గంగక్క పని పోతాది."

"ఇన్నానమ్మా. పోతే ఇంటికాడ ఉంటాది. మేం కూడు పెట్టమా?"

"మీరు వాకిట్లో నిలబడితే ఆమెకు బీపీ పెరుగుతాది అన్నా."

ఆయన మొహం ఎర్రబడింది. "నేనేం చేసినానమ్మా? ఆయమ్మ పక్కకు కన్నెత్తి కూడా చూడనే! ఒక మాట అనిండేది లేదు, గదిమిండేది లేదు. అడుగు వూర్లో ఎవురినైనా."

"మీరు మంచోరే అన్నా. మీరు మంచోరు కాబట్టే ఆమె లేచి నిలబడేది. ఆ మర్యాదే పట్టీలో అంకె అయితాంది."

"మర్యాద ఇస్తే బీపీ వస్తాదా! ఇదేం చదువమ్మా మీది?" అన్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈడ్నుంచి కదిల్తే మెమో ఇస్తారమ్మా. ఇది నా పాయింటు" అన్నాడు.

మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి బీపీ చూడాలని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. మన తాలూకాలో ఒక ఆడమనిషి ఐదు నిమిషాలు కుర్చీలో ప్రశాంతంగా కూర్చోవాలంటే ముందు ఎంతమంది మగవాళ్లు అక్కడినుంచి లేవాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది మీరు పోయినచోట మీరే చూసుకోవాలి. పట్టీ చుట్టకముందు పేషెంటు ఎటు చూస్తోందో చూడండి.

గొర్రెలు

మూడోసారి రోజు వచ్చింది. ఆ పొద్దు ఎవరైనా నా బీపీ చూసుంటే నన్నే తీసేసేవారు. లైన్ కదిలింది. గంగమ్మ వంతు వచ్చింది. లోపలికొచ్చి కుర్చీ పక్కన నిలబడింది. వాకిట్లో నరసింహప్ప, గోడకు కొట్టిన మేకులా.

ఆయన ఒకసారి నా వైపు చూశాడు. గంగమ్మ వైపు చూడలేదు. నడుముకున్న వాకీటాకీ తీసి, పార్కంతా వినిపించేలా అరిచాడు.

"సార్! గొర్రెలు సార్! కంచె కింద దూరి గొర్రెలు పడినాయి సార్! మంద మందే పడినాది!"

పార్కులో గొర్రెలు లోపలికి రావడం కంటే పెద్ద నేరం లేదు. గడ్డి కోసం దూరి, వైర్లు తొక్కి, పలకల స్టాండ్లకు ఒళ్లు రుద్దుకుంటాయి. నరసింహప్ప కర్ర పట్టుకుని పరిగెత్తాడు. వెనకే సేఫ్టీ ఆఫీసర్ జీపెక్కాడు. ఇంకో ఇద్దరు గార్డులు వెళ్లారు. డాక్టర్ గారు కూడా పేపరు మడిచి, ఎన్ని గొర్రెలో చూద్దామని బయటికి నడిచారు. లైన్లో ఉన్న మగవాళ్లంతా ఆయన వెంట పోయారు.

వాకిలి ఖాళీ అయింది. నాకు ఒక్క గొర్రె అరుపు కూడా వినిపించలేదు.

"కూర్చో గంగక్కా."

ఆమె వాకిలి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. కూర్చుంది. కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగి వీపు ఆనించింది. రెండు పాదాలూ నేల మీద పరిచింది. కళ్లు మూసుకుంది. ఐదు నిమిషాలు ఇద్దరం మాట్లాడలేదు.

మొదట 142/88. భయపడలేదు, మొదటిది ఎప్పుడూ కొంచెం ఎక్కువే వస్తుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ చూశాను. 134/84. ఇంకోసారి చూశాను. 130/82.

డాక్టర్ గారు తిరిగొచ్చి అంకెలు చూసి ముఖం చిట్లించారు. "నాలుగుతో ముగిసే బీపీ ఏమిటమ్మా?"

"మీరే చూడండి సార్."

ఆయన నిలబడే చూశారు, ఎందుకంటే ఆయన కుర్చీ బల్లకు అవతల ఉంది, గంగమ్మ నా కుర్చీలోంచి లేవలేదు. ఈసారి నేను పక్కనే ఉన్నానేమో, గాలి మెల్లగానే వదిలారు. "130/80. చూశావా, సున్నాతోనే ముగిసింది" అని తృప్తిగా ఫిట్ అని రాసి సంతకం పెట్టారు. గొర్రెలు దొరికాయేమో కనుక్కోవడానికి మళ్లీ బయటికి వెళ్లారు.

"అయిపోయింది గంగక్కా. నీ పని యాడికీ పోలేదు. ఉప్పు, ఊరగాయ తగ్గించు. నెలకొకసారి గవర్నమెంట్ ఆస్పత్రిలో కూర్చోని చూపించుకో. కూర్చోని, ఇన్నావా?"

"ఊఁ."

"లేచి చొక్కా ఏసుకో. బయట ఇంకా ఆడోళ్లు ఉండారు."

లేవలేదు. కళ్లు తెరవలేదు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టుకుంది.

"ఇంకొంచెంసేపు సిస్టర్. బాగుండాది."

బయటినుంచి ఎవరో "ఏమే గంగీ, ఆడనే కాపురం పెట్టినావా?" అని కేకేశారు. నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల వెనక, దూరంగా, పలకల వరసల్లోంచి దగ్గు వినిపించింది. అలవాటైన దగ్గే. కొంచెం ఆగి ఇంకోసారి, ఈసారి గట్టిగా.

నేను కంగారుగా వాకిలి వైపు చూశాను.

గంగమ్మ తల వెనక్కి వాల్చింది.

"ఇంకా దూరంగానే ఉండాడులే" అంది.